హైదరాబాద్‌లో ఇటీవలి శాస్త్ర పరిశోధన: రాయి, నీరు, మందు

హైదరాబాద్ పడమటి అంచున, రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలో ఉంది మణికొండ. ఐటీ ఉద్యోగుల అపార్ట్‌మెంట్లతో పేరుపడ్డ ఈ ఊరికి దగ్గర్లోనే దేశంలో పేరున్న పరిశోధన సంస్థలు కొన్ని పనిచేస్తున్నాయి. గచ్చిబౌలిలో 1974లో మొదలైన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998 నాటి ట్రిపుల్ ఐటీ, గోపన్‌పల్లిలో టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ శాఖ, అత్తాపూర్ వైపు అంతరించిపోతున్న జంతుజాతుల కోసం కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ నడిపే ప్రయోగశాల ఈ చుట్టుపక్కలవే. నగరానికి అవతలి కొసన హబ్సిగూడ, తార్నాక ప్రాంతాల్లో సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ, జాతీయ పోషకాహార సంస్థ వరసగా కనిపిస్తాయి. కంచన్‌బాగ్, బాలాపూర్ లోహాలకూ కొత్త పదార్థాలకూ నెలవు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారవుతాయి.

గత పాతికేళ్లలో ఈ సంస్థల్లో జరిగిన పనిని వైద్యం, పదార్థాలు, పర్యావరణం అని మూడు గదుల్లో సర్దడం తేలికే. కానీ ఇక్కడ ఆ మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. మందుల ఫ్యాక్టరీ వదిలిన నీరు వాగులో కలుస్తుంది, వాగులోని సూక్ష్మజీవి మందుకు లొంగడం మానేస్తుంది, ఆ మొండి సూక్ష్మజీవిని ఆపడానికి కొత్త టీకా కావాల్సి వస్తుంది. అందుకే ఈ వ్యాసం శాఖల వరసలో కాక రాయి దగ్గర మొదలై మందు దగ్గరికి వెళ్తుంది.

బోరు కింద రాయి

మణికొండ, ఖాజాగూడ, నార్సింగి ప్రాంతాల్లో పైకి కనిపించే గుండ్రటి బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్. ఈ రాయికి ఇసుకలాగా నీటిని పట్టి ఉంచే రంధ్రాలు లేవు. ఎండాకాలం వచ్చేసరికి అపార్ట్‌మెంట్ల ముందు ట్యాంకర్లు బారులు తీరడానికి వాడకం పెరగడం ఒక కారణమైతే, ఈ రాతి స్వభావం మరో కారణం.

ఆ స్వభావాన్ని లోతుగా తెలుసుకునే పని నగరానికి దక్షిణాన మహేశ్వరంలో జరిగింది. ఎన్జీఆర్ఐ, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ కలిసి 1999లో ఏర్పాటు చేసిన ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం అక్కడ 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి కొలిచింది. 700కు పైగా వ్యవసాయ బోర్లు ఉన్న ప్రాంతం అది. తేలిన చిత్రం ఇదీ. పైన కొన్ని మీటర్ల మేర మొరం, బోరు వేసేవాళ్లు కేసింగ్ దింపేది ఇక్కడే. దాని కింద పగుళ్ల పొర. ఆ కింద నీటికి చోటివ్వని గట్టి రాయి. పగుళ్లు భూకంపాల వల్లనో భూమి కదలికల వల్లనో వచ్చినవని అంతకుముందు చాలామంది భావించేవారు. రాయి కుళ్లే క్రమంలో అందులోని నల్ల అభ్రకం ఉబ్బి, చుట్టూ ఉన్న రాతిని చీల్చడం వల్లే అవి చాలావరకు ఏర్పడ్డాయని ఈ పరిశోధకులు చూపించారు. రాయి కుళ్లడం పైనుంచి కిందికి జరుగుతుంది కాబట్టి పగుళ్లూ పైనే ఎక్కువ. మహేశ్వరంలో నీరు ధారాళంగా పారే పగుళ్లన్నీ దాదాపు మొదటి 35 మీటర్ల లోపే ఉన్నాయి.

ఈ ఫలితం ప్రతి కాలనీ సంక్షేమ సంఘం గోడ మీద ఉండాల్సినది. పాత బోరు ఎండితే ఇంకా లోతుకు వెళ్దామనడం మన దగ్గర అలవాటైన మాట. లోతుకు పోయేకొద్దీ నీరిచ్చే పగుళ్లు తగ్గిపోతాయి. ఎప్పుడో ఒకటి తగిలినా, దానికి నీరు అందేది పై పొర నుంచే. పై పొరను నింపేది వాన, చెరువు. చెరువును పూడ్చి, నేలంతా కాంక్రీటు పరిచి, వెయ్యి అడుగుల బోరు వేసినవారు ఖాళీ గిన్నెకు పొడవాటి గరిటె తెచ్చుకున్నట్టే.

నెక్నాంపూర్ చెరువు మీద తేలే మొక్కలు

మణికొండను ఆనుకుని ఉన్న నెక్నాంపూర్ చెరువు చుట్టూ ఇళ్లు వచ్చాక మురుగు చేరి, గుర్రపుడెక్క కమ్మేసింది. 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు, ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వ శాఖల సాయంతో ఇక్కడ నీటిపై తేలే శుద్ధి వేదికను ప్రారంభించింది. విస్తీర్ణం 3,000 చదరపు అడుగులు, మొక్కలు సుమారు 3,500. అప్పటికి దేశంలో ఈ తరహాలో అతి పెద్దదిగా దానికి గుర్తింపు వచ్చింది.

తయారీ చూస్తే ఎవరైనా చేయగలరనిపిస్తుంది. అడుగున వెదురు చట్రం, దాని మీద తేలడానికి థర్మోకోల్ దిమ్మెలు, ఆపైన గోనెసంచులు, వాటి మీద గులకరాళ్లు. మట్టి ఉండదు. వట్టివేరు, మెట్టతామర, జమ్ము, తుంగ లాంటి మొక్కల వేళ్లు గోనెలోంచి నేరుగా నీళ్లలోకి దిగుతాయి. మురుగులోని నైట్రేట్లను, ఫాస్ఫేట్లను మొక్క ఆహారంగా లాగేసుకుంటుంది. అసలు పని మాత్రం వేళ్ల మీద జిగురుపొరలా పెరిగే సూక్ష్మజీవులది. నీటిలోని సేంద్రియ మలినాన్ని విడగొట్టేవి అవే. మురుగులో పోషకాలు ఎక్కువైనప్పుడే గుర్రపుడెక్క, నాచు విజృంభిస్తాయి కాబట్టి, ఆ పోషకాలను వేరే మొక్క తినేస్తే కలుపు తనంతట తాను బలహీనపడుతుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. నీటిపై కొంత భాగమే కప్పే వేదిక, చెరువులోకి నిత్యం వచ్చిపడే శుద్ధి చేయని మురుగును ఒంటిచేత్తో ఆపలేదు. పెరిగిన మొక్కను కోసి బయటికి తీయకపోతే అది కుళ్లి, లాగేసుకున్నదంతా మళ్లీ నీళ్లలోనే వదిలేస్తుంది. అంటే కోత కోసే మనిషి ఏడాది పొడవునా ఉండాలి. చెరువుల పునరుద్ధరణలో ఖర్చు లెక్కలు వేసేవారు ఎప్పుడూ మరిచిపోయేది ఆ మనిషి కూలినే.

మురుగునీటిలో కోవిడ్ జాడ

2020లో కరోనా పరీక్షలు సరిపడా లేని రోజుల్లో నగరంలో ఎంతమందికి సోకిందో తెలుసుకోవడానికి ఐఐసీటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాలకు వెళ్లారు. వైరస్ సోకినవారి మలంలో దాని ఆర్ఎన్ఏ ముక్కలు లక్షణాలున్నా లేకున్నా బయటికి వస్తాయి. 35 రోజుల దాకా రావచ్చు. శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీటిలో ఆ ముక్కలను లెక్కగట్టి, ఒక్కో మనిషి విడిచే సగటుతో భాగిస్తే ఉజ్జాయింపు సంఖ్య వస్తుంది.

ఆ ఏడాది ఆగస్టులో వెల్లడించిన అంచనా ప్రకారం పరీక్షించిన కేంద్రాలకు చేరే మురుగు వెనుక సుమారు 2 లక్షల మంది వైరస్ వాహకులున్నారు. అప్పట్లో నగర మురుగులో 40 శాతమే శుద్ధి కేంద్రాలకు చేరేది కాబట్టి, మొత్తం నగరానికి లెక్క కడితే ఆ 35 రోజుల్లో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని తేలింది. అధికారిక కేసుల సంఖ్య దానికి ఆమడ దూరంలో ఉంది. శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలో ఆర్ఎన్ఏ కనిపించకపోవడం ఊరటనిచ్చిన సంగతి. ఈ అధ్యయనం వైరస్ గురించి ఎంత చెప్పిందో నగరం గురించి అంతే చెప్పింది. మిగతా 60 శాతం మురుగు ఎటు పోతోందన్న ప్రశ్నను అది లేవనెత్తింది.

సున్నం పడిన కన్ను

బంజారాహిల్స్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నుంచి వచ్చిన ఒక శస్త్రచికిత్స ఇప్పుడు అనేక దేశాల్లో వాడుకలో ఉంది. దానికి దారితీసిన గాయాల్లో ఒకటి మనకు బాగా తెలిసినదే. కిళ్లీకి, పొగాకుకు వాడే తడి సున్నం చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్ముతారు. పిల్లవాడు ఆడుకుంటూ దాన్ని నొక్కితే పగిలి, సున్నం సూటిగా కంట్లో పడుతుంది. ఆమ్లం కంటే క్షారం ప్రమాదకరం. కణాల కొవ్వును కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది.

కంటి ముందు పారదర్శకంగా ఉండే కార్నియాకు, తెల్లగుడ్డుకు మధ్య సన్నని అంచు ఉంటుంది. కార్నియా పైపొరను జీవితాంతం పుట్టించే మూలకణాలు ఆ అంచులోనే కాపురముంటాయి. సున్నం వాటిని కాల్చేస్తే కార్నియా మీదికి పక్కనుంచి పొర, రక్తనాళాలు పాకి చూపు పోతుంది. అలాంటి కంటికి దాత కార్నియా అమర్చినా నిలవదు, ఎందుకంటే కొత్త పైపొరను పుట్టించే మూలకణాలు లేవు.

2001 నుంచి ఈ సంస్థలో మంచి కంటి నుంచి కొన్ని కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించేవారు. పద్ధతి పనిచేసింది. కానీ దానికి ప్రత్యేక ప్రయోగశాల, రోజుల తరబడి సమయం, బోలెడు డబ్బు కావాలి. వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రచురించిన ఉపాయం ప్రయోగశాలను మధ్యలోంచి తీసేసింది. మంచి కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది నలుసులుగా కోస్తారు. దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి సంచి పొరను పరిచి, దాని మీద ఈ నలుసులను అక్కడక్కడ పెట్టి, జిగురుతో అతికిస్తారు. అంతా ఒకే సిట్టింగులో అయిపోతుంది. కణాలను పెంచే పని కన్నే చేసుకుంటుంది. 2016లో ఇదే సంస్థకు చెందిన సయన్ బసు తదితరులు 125 మంది ఫలితాలు ప్రకటించారు. వారిలో 60 మంది పిల్లలు. 76 శాతం కళ్లలో పైపొర నిలబడింది. ఖరీదైన దాన్ని దిగుమతి చేసుకోవడం కాక, ఖరీదైన అంచెను తొలగించడం ఈ పరిశోధన గొప్పతనం. జిల్లా కేంద్రంలోని కంటి సర్జను నేర్చుకోగలిగేది ఇలాంటిదే.

2022 ఆగస్టులో ఇదే సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి మానవ కార్నియా నుంచి తీసిన పదార్థంతో త్రీడీ ప్రింటింగ్‌లో కార్నియాను తయారుచేసి కుందేలు కంటిలో అమర్చాయి. మార్పిడికి పనికిరాని దాత కార్నియాలను కూడా ఇలా ముడిసరుకుగా వాడుకోవచ్చు. మనుషులకు అందేలోపు దాటాల్సిన పరీక్షలు ఇంకా ఉన్నాయి.

జన్యువుల్లో కులపు గీతలు

సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం 2009లో భారతీయుల పూర్వీకులపై ప్రచురించిన అధ్యయనం చాలామందికి గుర్తుంటుంది. వైద్యానికి మరింత ఉపయోగపడేది 2017లో వచ్చిన దాని కొనసాగింపు. దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలిస్తే 81 సముదాయాలు ఒకప్పుడు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని, ఆ తర్వాత బయటివారితో పెళ్లిళ్లు దాదాపు లేవని తేలింది. వాటిలో 14 సముదాయాల జనాభా పది లక్షలకు పైనే.

తెలుగు నేల మీది ఉదాహరణ వైశ్యులది. వారిలో వంద తరాలకు ముందే ఇలాంటి కుదింపు జరిగింది. దాని ఫలితంగా బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వారిలో మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రోజువారీ జీవితంలో ఈ లోపం తెలియదు. ఆపరేషన్ బల్ల మీద తెలుస్తుంది. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలే. ఎంజైము లేనివారిలో అది గంటల తరబడి ఉంటుంది. అంతసేపూ రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. ముందే అడిగి తెలుసుకున్న మత్తు డాక్టరు మరో మందు వాడతాడు, సమస్య అక్కడితో సరి.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. జన్యు లోపాలనగానే మనవాళ్లు మేనరికాలను తలచుకుంటారు. మేనరికం ఒక కారణం, నిజమే. కానీ దగ్గరి బంధుత్వం ఏమాత్రం లేని సంబంధం చేసుకున్నా, ఇద్దరి సముదాయం ఒకటే అయి, ఆ సముదాయం కొద్దిమంది నుంచి విస్తరించినదైతే, లోపమున్న జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం మిగులుతుంది. పెళ్లికి ముందో గర్భం దాల్చిన తొలి రోజుల్లోనో చేసే పరీక్షలకు ఈ పరిశోధన గట్టి ఆధారమిస్తుంది. ఎవరినీ తక్కువ చేయడానికి కాదు, ముందుజాగ్రత్త చెప్పడానికి ఈ జ్ఞానం వాడాలి.

వంగే స్ఫటికం, విరిగి అతుక్కునే స్ఫటికం

పదార్థ శాస్త్రంలో హైదరాబాద్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన రంగం స్ఫటికాల నిర్మాణం. గౌతమ్ దేశిరాజు 1979 నుంచి 2009 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. అణువులు ఘనరూపంలో ఏ వరసలో కూర్చుంటాయో ముందే ఊహించి, కావలసిన స్ఫటికాన్ని రూపకల్పన చేయడంపై ఆయన 1989లో వెలువరించిన గ్రంథం ఆ రంగానికి పునాది గ్రంథాల్లో ఒకటి.

మందుల నగరానికి ఇది పుస్తకాల సంగతి కాదు. ఒకే అణువు రెండు రకాలుగా స్ఫటికమైతే, ఒకటి కడుపులో కరుగుతుంది, మరొకటి కరగకుండా బయటికి పోతుంది. 1998లో హెచ్ఐవీ మందు రిటోనవిర్‌కు అనుకోకుండా మరో స్ఫటిక రూపం పుట్టుకొచ్చి, అది సరిగా కరగకపోవడంతో ఆ మందు క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మనందరికీ తెలిసిన పారాసెటమాల్ కూడా సాధారణ రూపంలో నొక్కితే మాత్రగా నిలవదు, బంధక పదార్థాలు కలపాలి. అణువులు పొరలు పొరలుగా ఉండే దాని రెండో రూపం నొక్కితే చక్కగా మాత్రగా నిలుస్తుంది. ఇదే విశ్వవిద్యాలయంలో అశ్విని నాంగియా బృందం కరగని మందు అణువుకు హాని చేయని మరో అణువును జతచేసి, రెండింటితో ఒకే స్ఫటికం చేసి కరిగేలా చేయడంపై విస్తృతంగా పనిచేసింది.

దేశిరాజు శిష్యుడు సి.మల్లారెడ్డి పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడే ఒక వింతను పట్టుకున్నారు. స్ఫటికమంటే పెళుసు, వంచితే విరుగుతుంది అని అందరి నమ్మకం. కొన్ని సేంద్రియ స్ఫటికాలు సూదితో నెట్టితే విరగకుండా వంగి, అలాగే ఉండిపోయాయి. లోపల అణువుల పొరల మధ్య బంధం ఒక దిశలో బలంగా, మరో దిశలో బలహీనంగా ఉంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయని 2005లో ఆ బృందం వివరించింది. తర్వాత కోల్‌కతా ఐసర్‌లో ఆచార్యుడిగా ఉండగా 2021 జులైలో ఆయన బృందం, ఖరగ్‌పూర్ ఐఐటీతో కలిసి, సైన్స్ పత్రికలో మరింత వింత సంగతి ప్రచురించింది. బైపైరజోల్ అనే పదార్థపు సూదిలాంటి స్ఫటికాన్ని విరిస్తే, విరిగిన ముఖాల మీద ఎదురెదురు విద్యుదావేశాలు ఏర్పడి, ముక్కలు మిల్లీసెకన్లలో దగ్గరికి లాక్కుని అతుక్కుంటాయి. జిగురు అక్కర్లేదు, వేడి అక్కర్లేదు. లోపలి అణువుల వరస కూడా తిరిగి కుదురుకుంటుంది.

లోహాల విషయానికి వస్తే, కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల ఉక్కు సంస్థ సెయిల్‌తో కలిసి రూపొందించిన డీఎంఆర్-249 ఉక్కుతోనే విమానవాహక నౌక విక్రాంత్ తయారైంది. గడ్డకట్టే చలిలోనూ పెళుసెక్కకపోవడం దాని ప్రత్యేకత. 2022 సెప్టెంబర్ 2న నౌక సేవలోకి వచ్చింది. బాలాపూర్‌లోని కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ లిథియం బ్యాటరీలకు కావలసిన ఐరన్ ఫాస్ఫేట్ పదార్థాన్ని దేశీయంగా తయారుచేసే పద్ధతులపై పనిచేస్తోంది.

బోయిన్‌పల్లి మార్కెట్ చెత్త

రోజు ముగిసేసరికి కూరగాయల మార్కెట్‌లో మిగిలే టమాటా, క్యాబేజీ ఆకులు డంపింగ్ యార్డుకు పోతే అక్కడ కుళ్లి మీథేన్ గాలిలో కలుస్తుంది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఐఐసీటీ పేటెంటు పొందిన రియాక్టరు రోజుకు 10 టన్నుల ఇలాంటి చెత్తను తీసుకుని సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాసుకు సరిపడే ఇంధనం ఇచ్చేలా ఏర్పాటైంది. చెత్తను ముక్కలు చేసి, గుజ్జుగా రుబ్బి, గాలి తగలని ట్యాంకులోకి పంపుతారు. మామూలు గోబర్‌గ్యాస్ ప్లాంటులో గుజ్జు అడుగున పేరుకుపోవడం పెద్ద తలనొప్పి. ఇక్కడ పుట్టిన గ్యాసునే కొంత మళ్లీ కిందినుంచి పంపి గుజ్జును కలియబెడతారు, కలిపే యంత్రపు రెక్కలు అక్కర్లేదు. కరెంటుతో మార్కెట్ దీపాలు వెలుగుతాయి, గ్యాసు క్యాంటీనుకు, మిగిలింది ఎరువు.

పటాన్‌చెరు నీరు, టైఫాయిడ్ టీకా

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం అక్కడికి చేరేది. శుద్ధి అయిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. రోజుకు 45 కిలోల మందు నీళ్లలో పోతోందని లెక్క తేలింది. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం ఐదు రోజుల్లో వాడేది అంత. ఆ నీరు ఇసుకవాగులోంచి నక్కవాగులోకి, అక్కణ్నుంచి మంజీరలోకి చేరేది. 2009లో వచ్చిన తదుపరి అధ్యయనం చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో కూడా మందుల అవశేషాలు చూపింది. తర్వాత ఆ వ్యర్థజలాన్ని పైపులైనులో అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించి ఇళ్ల మురుగుతో కలిపారు. వాగుకు భారం తగ్గింది, బరువు మూసీకి మారింది.

నీళ్లలో యాంటీబయాటిక్ ఉంటే దానికి తట్టుకునే బ్యాక్టీరియా బతికి, తక్కినవి చస్తాయి. బతికినవి తమ ప్రతిరోధక జన్యువులను పక్కనున్న రోగకారక బ్యాక్టీరియాకు అందించగలవు. ఈ ప్రమాదం ఏ రూపంలో మనిషి దాకా వస్తుందో టైఫాయిడ్ చూపిస్తుంది. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్ నగరంలో, సిప్రోఫ్లాక్సాసిన్‌తో సహా ఐదు రకాల మందులకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. నోటితో తీసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే దిక్కయింది.

ఆ హైదరాబాద్‌కు ఈ హైదరాబాద్ నుంచి టీకా వెళ్లింది. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారీ టైప్‌బార్-టీసీవీ అది. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థంతో చేసిన పాత టీకా రెండేళ్ల లోపు పిల్లల్లో పనిచేయదు, వాళ్ల రోగనిరోధక వ్యవస్థ వట్టి చక్కెరను గుర్తుపట్టలేదు. ఆ చక్కెరను ధనుర్వాతపు టీకాలో వాడే ప్రొటీనుకు కట్టేస్తే పసివాళ్లలోనూ రక్షణ వస్తుంది. ఒక్క డోసు చాలు. నేపాల్‌లో 20 వేల మంది పిల్లలతో చేసిన పరీక్షలో 81.6 శాతం, మలావీలో 80.7 శాతం రక్షణ కనిపించింది. సింధ్‌లో మొండి రకంపై 97 శాతం ప్రభావం ఉందని 2021లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. 2019 నవంబర్‌లో పాకిస్తాన్ ఈ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చింది, ప్రపంచంలో మొదటి దేశం అదే. ఈ కంపెనీయే జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి చేసిన కోవాగ్జిన్ పేరు ఇంటింటా తెలుసు. 2021లో ప్రచురించిన మూడో దశ పరీక్షలో దాని సామర్థ్యం 77.8 శాతం. నా లెక్కలో మాత్రం ఇక్కడి టీకాల్లో ఎక్కువ ప్రశంస దక్కాల్సింది టైఫాయిడ్ టీకాకే.

టీకా ఒకవైపు నుంచి కాపాడుతుంటే, రెండోవైపు తలుపు ఇంకా మూయలేదు. ఫ్యాక్టరీలు వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెబుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా నిబంధనలు తెచ్చింది. 2021 ఆగస్టులో వెలువడిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబర్‌లో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాలపై తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సూచనలే, చట్టం కాదు. కొలిచే పరికరాలు, కొలవడం తెలిసినవారు ఐఐసీటీలో, విశ్వవిద్యాలయంలో ఉన్నారు. మురుగునీటిలో వైరస్‌ను లెక్కగట్టిన ఈ నగరానికి, అదే నీటిలో మందును నెలనెలా లెక్కగట్టి ఫలితాలు బయటపెట్టడానికి కావలసింది కొత్త విజ్ఞానం కాదు, ఆ పని చేయమని చెప్పే ఉత్తర్వు.